బస్సు ఆగే చోట

ఆపడం వేరు, పెట్టడం వేరు. ఇంజిన్ నడుస్తూనే ఉంది, కాలు బ్రేకు మీదే ఉంది, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, అంటే నేనిక్కడ బండి పెట్టలేదు, ఆపానంతే. ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను, గట్టిగానే చెప్తాను. అడిగేది ఇంకెవరు, ఆ పసుపు కోటు ట్రాఫిక్ పిల్లే, అదిగో మూలమీద నిలబడి ఎవరి బండి నంబరుకో ఫొటో తీస్తోంది, ఇంకా నా వైపు చూడలేదు, చూసినప్పుడు చూసుకుందాం. బస్టాపు స్తంభం సరిగ్గా నా పక్కనే ఉంది, స్తంభం మీద బస్సు బొమ్మ, బొమ్మ కింద నంబర్లు, రోడ్డు మీద ఇంతింత లావు పసుపు గీతలు, ఆ గీతల నడిబొడ్డున నేను. బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నన్ను అద్దంలోంచి కొరికేసేలా చూస్తోంది. చూడనీ. చూపులకి ఎవరూ చావరు. అయినా నాకేమన్నా సరదానా ఇక్కడ ఆపడం, ఈ వీధంతా చుట్టి చుట్టి వచ్చాను, ఎక్కడా సూది మోపే సందు లేదు, ఎదురుగా ఉన్న అంతస్తుల పార్కింగులో పెడితే అక్కడి నుంచి బస్సు తలుపు కనపడదు, నాకు కావలసింది ఆ తలుపొక్కటే. ఆ తలుపు తెరుచుకుని, మావాడు దిగి, ఫుట్‌పాత్ ఎక్కి, ఆ వెనక గేటులోకి క్షేమంగా వెళ్ళడం ఒక్కటీ కళ్ళారా చూస్తే చాలు, నా దారిన నేను పోతాను. రెండు నిమిషాల పని. అందరూ అనేది ఇదేలే. మా షాపు మెట్లకి అడ్డంగా బండి పెట్టి పోయేవాళ్ళందరూ రెండు నిమిషాలే అంటారు, వాళ్ళ ఏడు తరాలనీ నేను ఎలా దులిపేశానో అదంతా ఇప్పుడే గుర్తు రావాలా నాకు.

మావాడంటే నా తమ్ముడు. ఇంట్లో వాణ్ణి పిడుగు అంటాం, పుట్టినప్పుడు వాడు ఏడ్చిన ఏడుపుకి నర్సు పెట్టిన పేరది, నాకప్పుడు పదేళ్ళు, ఆ ఏడుపు విని నేను ఆస్పత్రి వరండాలో చెవులు మూసుకున్నాను. ఇప్పుడు వాడికి ముప్ఫై దాటాయి, కళ్ళు పోయాయి. ఒక్కరోజులో పోలేదు, దీపం వత్తి తగ్గిస్తున్నట్టు అంచుల నుంచి మెల్లమెల్లగా పోయాయి, డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, చేతులెత్తేసే ముందు కూడా మంచిగానే మాట్లాడారు, ఎవర్ని అనడానికీ లేదు, అదే నాకు ఇంకా మంట. తర్వాత ఒక ఏడాది వాడు ఆ గదిలోంచి కదల్లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, గోడ ఎటుందో వాడికి ఎందుకో మరి. అలాంటివాడు ఇవాళ పొద్దున ఒంటరిగా బస్సెక్కాడు. కళ్ళు పోయాక పక్కన ఎవరూ లేకుండా ఎక్కిన మొదటి బస్సు. ఎక్కగానే ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు, "ఎక్కానే, ఎవరో లేచి కిటికీ పక్క సీటిచ్చారు, నాకెందుకో మరి కిటికీ" అని, వెనకాల బస్సు రొద, వాడి నవ్వు. ఆ నవ్వు ఎన్నిసార్లు విన్నానో ఇక్కడ కూర్చుని. నవ్వాడు కానీ గొంతు వెనక వణుకుంది, నాకు తెలీదా, ఆ గొంతుని ఆ ఆస్పత్రి వరండా నాటినుంచీ వింటున్నదాన్ని.

నేను షాపులో ఉన్నాననుకుంటున్నాడు. పొద్దున వాడి చొక్కా కాలరు సరిచేసి, సరేరా నేను షాపుకి పోతున్నా, ప్యాంట్లు కుట్టాల్సినవి కొండలా పడున్నాయి అని అబద్ధమాడి వచ్చాను. ప్యాంట్లు పడుండటం నిజమే, పోతున్నానన్నదే అబద్ధం. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని వాడు ఒక మాటన్నాడు, తమాషాగా కాదు, చెయ్యి బల్లమీద చాపి పెట్టి మరీ అన్నాడు. "నువ్వు వెనకాల రాకు. వస్తే నాకు తెలిసిపోతుంది. తెలిసిందనుకో, ఇంక నేను గడప దాటను, ముందే చెప్తున్నా." నేనెందుకొస్తానురా నాకు వేరే పనిలేదా అన్నాను. వాడు అన్నది అన్నట్టు చేసే రకం, చిన్నప్పుడు మాట్లాడనని ఒట్టు పెట్టుకుని నాన్నతో నెలంతా చేతి సైగలతో గడిపాడు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటే లేపే ఓపిక నాకు లేదు, నిజంగా లేదు, ఈసారి నేనూ పక్కన పడుకుంటాను. అందుకే ఫుట్‌పాత్ మీద నిలబడలేదు. నిలబడితే పట్టేస్తాడు. నా చెప్పుల చప్పుడు వీధి మలుపు నుంచే వాడికి తెలుస్తుంది, నా దగ్గర మిషన్ నూనె వాసన వస్తుందట, ఊపిరి పీల్చే ముందు గొంతు సవరించుకుంటానట, నా గురించి నాకు తెలియనివన్నీ వాడికి తెలుసు. కారులో అయితే అద్దాలెత్తేసి, చప్పుడు చేయకుండా, దొంగలా కూర్చోవచ్చు. కూర్చున్నాను. చెమటలు పడుతున్నాయి.

వాడికి ఉద్యోగం వచ్చింది, అదీ సంగతి. ఈ వెనక గేటున్న బిల్డింగే, నీళ్ళ సరఫరా ఆఫీసు. కుళాయి రాలేదనీ, పైపు పగిలిందనీ జనం ఫోన్ చేసి తిడతారు కదా, ఆ తిట్లు వినే ఉద్యోగం. నేను జోకు చేశాను, నా దగ్గర ఇన్నేళ్ళ ట్రైనింగుందిగా నీకు అని. ఇంటర్వ్యూలో అక్కడి మేనేజరు అన్నీ అడిగి చివర్లో, రోజూ మిమ్మల్ని ఎవరు తీసుకొస్తారు అన్నాడట. వాడు, ఎవరూ తీసుకురారు, నేనే వస్తాను అన్నాడట. ఆ మాట విన్నాక నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. సంతోషమే, సంతోషం కాదని ఎవరన్నారు. కానీ ఈ కారు వాడి కోసం కొన్నది. నలభై దాటాక, మిషన్ తొక్కడం తప్ప ఇంకే చక్రమూ తిప్పడం తెలియనిదాన్ని, వాణ్ణి ఆస్పత్రికి తిప్పడానికి డ్రైవింగు నేర్చుకున్నాను. మా ఆయన పక్కన కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేవాడు. ఈ సీటులో ఎన్ని పొద్దులు, ఎన్ని సాయంత్రాలు, వెనక సీటు వద్దని వాడు నా పక్కనే కూర్చుని సీటుబెల్టుతో ఆడుకుంటూ ఉండేవాడు, సిగ్నల్ ఆకుపచ్చయిందా అక్కా అని అడిగేవాడు, కాకముందే అడిగేవాడు. ఇప్పుడు ఆ సీటు ఖాళీ. వాడు పడిపోతాడని నా భయం, అది ఒకటి. పడకపోతే? రోజూ చక్కగా బస్సెక్కి చక్కగా దిగి వెళ్ళిపోతే? అప్పుడు నేనేం చేయాలి? ఛీ, ఏం ఆలోచనలివి, తోబుట్టువు ఆలోచించాల్సినవేనా, పాపిష్టిదాన్ని.

వాణ్ణి చూసుకోవే అంది అమ్మ. పోయే ముందు రోజు, మాట సరిగా రావట్లేదు, చెయ్యి పట్టుకుని ఆ ఒక్క ముక్క అంది, అప్పటికి వాడి కళ్ళు లక్షణంగా ఉన్నాయి, చూసుకోవాల్సిన అవసరమేముందో నాకర్థం కాలేదు, సరేనన్నాను. ఎంత విచిత్రమో, మనం ఏం మాట్లాడినా అందులో చూడ్డం ఉంటుంది. జాగ్రత్త, చూసుకుని నడువు. చూద్దాంలే. రుచి చూడు. చేసి చూడు. కళ్ళు పోయిన కొత్తలో ఇంటికొచ్చినవాళ్ళు నోరు జారి ఇలాంటిదేదో అనేసి నాలిక్కరుచుకునేవాళ్ళు, నేను మంచినీళ్ళ వంకతో లోపలికి పారిపోయేదాన్ని. మొన్నామధ్య మొదటిసారి వాడు నవ్వాడు. మా ఆయన డాబా మెట్ల దగ్గర "చూసుకుని దిగరా" అంటే, "అలాగే బావా, చూసుకునే దిగుతా, నువ్వు దీపం పట్టు" అన్నాడు. మా ఆయన మొహం చూడాలి. ఆ రోజు నేను అనుకున్నాను, వీడు లేస్తాడు అని. లేచాడు కూడా. నేనే వాడి చొక్కాల లోపల, కింద అంచు దగ్గర బొత్తాలు కుట్టాను, నీలం చొక్కాకి గుండ్రటిది, తెల్లదానికి నలుపలకలది, గళ్ళదానికి రెండు చిన్నవి, తడిమి ఏ రంగో తెలుసుకుంటాడు. ఇవాళ పలకల బొత్తాం చొక్కా వేసుకున్నాడు. తెల్లదైతే ఆఫీసులో మర్యాదగా ఉంటుందిట.

టకటకమని అద్దం మీద. పసుపు కోటు పిల్ల. అద్దం దించాను, వేళ్ళు దూరేంత సందు.

"మేడమ్, ఇది బస్టాపు."

"తెలుసమ్మా. పెట్టలేదు, ఆపానంతే. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది."

"ఆపడమూ కూడదు, పెట్టడమూ కూడదు. గీత ఉన్నంత మేరా అంతే. దింపేసి పోవడానికి కూడా లేదు."

"మా తమ్ముడు వస్తున్నాడమ్మా, వాడికి..." అని ఆగిపోయాను. ఏమని చెప్పను, గుడ్డివాడనా? ఆ మాట నా నోట్లోంచి బయటివాళ్ళ ముందు ఎప్పుడూ రాలేదు, ఇవాళ ఒక పార్కింగు కోసం వాడతానా. "రెండు నిమిషాలమ్మా" అన్నాను. ఆ పిల్ల కళ్ళు ఎగరేసింది, ఈ ముక్క రోజుకి ఎన్నిసార్లు వింటుందో పాపం. ముందుకు తీసెయ్యండి, నేనొచ్చేలోపు వెళ్ళిపోవాలి అని, అవతల ఎవరో లారీవాడు అడ్డదిడ్డంగా తిప్పుతుంటే అటు పరిగెత్తింది. తీద్దామనే చూశాను, ఒట్టు. చూస్తే ముందు ఒక తెల్ల కారు, ఎప్పుడొచ్చిందో, లోపల మనిషి లేడు, దీపాలు మాత్రం టిక్కుటిక్కుమని కొట్టుకుంటున్నాయి. వెనక్కి చూస్తే ఒక డెలివరీ వ్యాను ముక్కు నా డిక్కీకి ఆనించి నిలబడింది. నేను ఆగానని వాళ్ళూ ఆగారు. ఒక గొర్రె దూకితే మంద దూకుతుందంటారు, ఆ మొదటి గొర్రెని నేనే. బెంచీ మీద పెద్దావిడ ఏదో అంటోంది, అద్దం ఎత్తేసుకున్నాను, వినపడకపోతే తిట్టు తగలదు.

రూలు నాకు తెలియక కాదు. లైసెన్సు పరీక్షలో ఇదే ప్రశ్న వచ్చింది. బస్టాపు దగ్గర వాహనం ఆపవచ్చునా అని, కింద మూడు జవాబులు. జవాబు సి. ఆ పుస్తకం మొత్తం అలాగే బట్టీ పట్టాను, షాపులో మిషన్ పక్కన పెట్టుకుని, ఒక జేబు కుట్టడం, ఒక ప్రశ్న చదవడం. బ్రిడ్జి మీద ఓవర్‌టేక్, ఎ. అంబులెన్సు వస్తే, బి. బస్టాపు, సి. సి ఏమిటో, ఎందుకు సి అయ్యిందో ఎవడికి కావాలి, ప్యాసైతే చాలు, వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ప్యాసయ్యాను, ఒక్క తప్పూ లేదు. మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఎందుకో మరి ఇప్పుడు ఆ సి కింద ఏముందో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను, ఆపరాదు, ఎందుకనగా బస్సు... బస్సు ఏదో చేయవలసి ఉంటుంది కనుక. ఏం చేయవలసి ఉంటుంది? నాలిక చివర ఉంది.

కర్ర టీచరు చెప్పింది కూడా ఇలాంటిదే. కర్ర టీచరంటే తెల్ల కర్రతో నడవడం నేర్పే ఆవిడ, పొట్టి మనిషి, మాట మాత్రం కర్రకన్నా తిన్నగా ఉంటుంది. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి, అమ్మా, మీరు చెయ్యి పట్టుకోవడం మానెయ్యాలి, కావాలంటే మీ మోచెయ్యి అతను పట్టుకుంటాడు, మీరు అతన్ని పట్టుకోకూడదు అంది. రెండింటికీ తేడా ఏంటో అనుకుని లోపల్లోపల తిట్టుకున్నాను. తర్వాత వాళ్ళిద్దరూ ఇదే బస్సులో ఇదే స్టాపుకి ఎన్నోసార్లు వచ్చారు, సాయంత్రం ఇంటికొచ్చి వాడు నాకు అప్పజెప్పేవాడు, బస్సు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ కుదుపు వస్తుందో, ఎక్కడ బేకరీ వాసన వస్తుందో. దిగడం అన్నిటికన్నా తేలికట. "అక్కా, బస్సు ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగుతుందే. తలుపు తెరవగానే కర్ర ముందు, కాలు తర్వాత. ఒక్క అడుగు. రోడ్డన్నదే కాలికి తగలదు." ఆ ఒక్క అడుగూ హాల్లో సోఫా అంచు మీద నుంచి చేసి చూపించాడు, నేను చప్పట్లు కొట్టాను. ఫుట్‌పాత్‌కి ఆనుకుని. నిన్న షాపు మూసి నేనొక్కదాన్నే వచ్చి ఈ ఫుట్‌పాత్ అంతా గాలించి పోయాను, బెంచీ కాలు బయటికి పొడుచుకుని ఉంది, కరెంటు పెట్టె మూత లేచి ఉంది, గేటు దగ్గర ఒక పలక ఊగుతోంది, ఇవన్నీ చూశాను, ఇవన్నీ తలుచుకుని రాత్రంతా దొర్లాను. ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగుతుంది బస్సు. ఎక్కడ ఆగుతుంది? ఇక్కడ. ఇక్కడ ఏముంది?

ఇక్కడ నేనున్నాను.

అమ్మో. అమ్మో, ఏం చేశాను నేను. అది సి, అదే సి, బస్సు అంచుకి చేరి ప్రయాణికులను దించవలసి ఉంటుంది కనుక. నేనున్నంత మేరా బస్సు అంచుకి రాలేదు, నా అవతల నడిరోడ్డు మీద ఆగుతుంది, వాడు ఒక్క అడుగు అనుకుని దిగుతాడు, ఆ అడుగు రోడ్డు మీద పడుతుంది. ఆ ముందు తెల్ల కారుకి మనిషి లేడు. హారన్ కొట్టాను. హారన్ కొడితే ఖాళీ కారు ఏం చేస్తుంది. వెనక వ్యానువాడికి చెయ్యి ఊపాను, వాడు ఫోన్లో ఉన్నాడు, మళ్ళీ ఊపాను, వాడు కూడా చెయ్యి ఊపాడు, పలకరించాననుకున్నాడు సన్నాసి. రివర్స్ వేశాను, జానెడు వెనక్కి, స్టీరింగు తిప్పి జానెడు ముందుకి, చేతులు తడితడిగా జారుతున్నాయి, డ్రైవింగు నేర్పినాయన చెప్పినవేవీ గుర్తు రావట్లేదు, మళ్ళీ జానెడు వెనక్కి. కుడి అద్దంలో బస్సు. పెద్దది, ఎర్రది, మలుపు తిరిగి నిండుగా వస్తోంది, దాని నుదుటి మీద ఆ నంబరే. కాకూడదు, ఇది ముందుది అయ్యుంటుంది, వాడిది తర్వాతది అయ్యుంటుంది. దేవుడా, కాసేపు ఆపు. ఆపడం వేరు, పెట్టడం వేరు, కాసేపు ఆపు చాలు.

బస్సు డ్రైవరు హారన్ మోగించాడు, పొడుగ్గా, విసుగ్గా, రోజూ అలవాటైన మోత. లోపలికి రావడానికి చోటు లేదని చూసి నా పక్కనే, రోడ్డు మీదే, ఆపేశాడు. నా కిటికీ నిండా ఎర్ర రేకు. ముందు తలుపు సరిగ్గా నా బానెట్ ఎదుట బుస్సుమని తెరుచుకుంది. ఒకాయన దిగాడు, ఒకమ్మాయి దిగింది, వాళ్ళు నా ముందు సందులోంచి ఫుట్‌పాత్ మీదకి వెళ్ళిపోయారు, నన్ను చూసి మొహాలు మాడ్చుకుంటూ. తర్వాత తెల్ల కర్ర వచ్చింది. కర్ర ముందు, కాలు తర్వాత. కర్ర ఫుట్‌పాత్ ఉండాల్సిన ఎత్తులో గాలిని తాకింది, ఇంకాస్త కిందికి, ఇంకాస్త కిందికి, వాడి మొహంలో ఏదో మారింది. ఆ మొహం నేను చూశాను, అద్దానికి ఇవతల నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, రోడ్డు అని తెలిసిన మొహం. వెనక ఎవరో కదలవయ్యా అన్నారు. దిగాడు. పలకల బొత్తాం చొక్కా, కాలరు మళ్ళీ మడత పడింది. బస్సుకీ నాకూ మధ్య ఆ ఇరుకు సందులో నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక, చెవి ఒగ్గి వింటున్నాడు. బస్సు ఇంజిన్ రొద అంతా వాడి వీపు మీదే ఉంది, ఏం వినపడుతుంది వాడికి.

అప్పుడు అద్దంలో మోటార్ సైకిల్. బస్సు ఆగితే ఆగకుండా ఎడమ సందులోంచి దూరిపోయేవాళ్ళు ఉంటారే, వాడు. బస్సుకీ నిలబెట్టిన బళ్ళకీ మధ్య ఉన్న ఆ పీలిక లోంచి, తల వంచుకుని, మంచి స్పీడుమీద వస్తున్నాడు. మావాడి దాకా రావడానికి ఎంతసేపు. అరవాలి. అరిస్తే తెలిసిపోతుంది. అరిచినా మావాడు ఎటు జరుగుతాడు, వాడికి ఏం తెలుసు. ఇదంతా నేను ఆలోచించానని చెప్పలేను, నా చెయ్యి చేసింది, డోరు హ్యాండిలు లాగి మోచేత్తో ఒక్క తోపు తోశాను, డోరు బార్లా తెరుచుకుని బస్సుకి తగిలినంత పని చేసి సందు మూసేసింది. బ్రేకు కీచుమంది. మోటార్ సైకిల్ ముందు చక్రం డోరు దగ్గరకొచ్చి ఆగింది, బండివాడు పడలేదు, కాలు నేల మీద ఊని హెల్మెట్ ఎత్తి నోరు తెరిచాడు.

"కళ్ళు కనపడట్లేదా నీకు!"

బానెట్ దగ్గర నుంచి మావాడు తల తిప్పాడు. "ఆవిడకి కాదండీ," అన్నాడు, చాలా మర్యాదగా, "నాకు."

మోటార్ సైకిలతను కర్ర చూశాడు. హెల్మెట్ మళ్ళీ దించుకున్నాడు. బస్సులో ఎవరో నవ్వబోయి ఆగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, పెదవి కొరికి పట్టాను, ముక్కుతో కూడా ఊపిరి పీల్చలేదు. వాడి చెయ్యి నా బానెట్ మీద పడింది, వేళ్ళు విప్పి పరిచి, వేడి చూస్తున్నట్టు. ఈ కారు వాడు ఎక్కి దిగిందే కానీ దాని ముక్కు ఎప్పుడూ తడిమి ఎరగడు, తెలీదులే, ఎలా తెలుస్తుంది, ఇలాంటి కార్లు ఊళ్ళో ఎన్ని లేవు.

"ఇక్కడ ఫుట్‌పాత్ ఉండాలి కదండీ?" అన్నాడు గాల్లోకి, ఎవరికైతే వాళ్ళకి.

ఎవరూ చెప్పలేదు. బెంచీ మీద పెద్దావిడ అంత దూరం నుంచి లేచేలోపు వాడు ఏదో ఒకవైపు అడుగు వేస్తాడు. ఇంక తప్పదు. గొంతు బండగా చేసి, ముక్కుతో, నా జన్మలో మాట్లాడని గొంతుతో అన్నాను. "తమ్ముడూ." నేను వాణ్ణి ఎప్పుడూ అలా పిలవను, నాకు వాడు ఒరే పిడుగూ, ఒరే వెధవా, తమ్ముడూ అని రోడ్డు మీద తెలియనివాళ్ళని పిలుస్తారు. "తమ్ముడూ, కారు అడ్డముంది. చెయ్యి తియ్యకుండా బానెట్ పట్టుకుని ముందుకి నడువు, దాటాక ఎడమకి సందుంది, ఆ సందు చివర ఫుట్‌పాత్."

వాడు ఒక్క క్షణం కదల్లేదు.

"కారు మీదేనాండీ?"

"నాదే, తమ్ముడూ."

"తీసెయ్యండి. ఇది బస్సాగే చోటు. నాలాంటివాళ్ళు దిగుతుంటారు."

"అలాగే. ఇప్పుడే తీస్తాను."

"థ్యాంక్సండీ, అక్కా."

అండీ. మీదేనాండీ, తీసెయ్యండి. వాడు పుట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది, నన్ను ఒక్కసారి కూడా మీరు అనలేదు, కోపంలో కూడా అనలేదు. హమ్మయ్య, తెలియలేదు, బతికాను అనుకోవాలి కదా నేను. అనుకున్నాను కూడా. మరి గుండెల్లో ఆ పోటు ఏంటో, ఎవరో నన్ను ఇంట్లోంచి బయటికి పంపి తలుపేసినట్టు. వాడు చెయ్యి బానెట్ మీద జారుస్తూ ముందుకి నడిచాడు, చివర దాకా వచ్చి ఎడమకి తిరిగాడు, సందు దాటాడు, కర్ర ఫుట్‌పాత్ అంచుని టక్కుమని కొట్టింది, ఎక్కాడు. పెద్దావిడ సంచి వెనక్కి లాక్కుంది. నేను రాత్రంతా దొర్లిన ఆ బెంచీ కాలుని వాడి కర్ర రెండుసార్లు కొట్టి పలకరించి చుట్టు తిరిగి వెళ్ళిపోయింది, కరెంటు పెట్టె మూత ఉన్నట్టే వాడికి పట్టలేదు. గేటు. గేటులో కాపలా అతను లేచి నిలబడ్డాడు, వాడు ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. లోపలికెళ్ళిపోయాడు. వెనక్కి తిరగలేదు, తిరిగితే మాత్రం ఏం చూస్తాడు, అయినా తిరగలేదు.

బస్సు వెళ్ళింది, మోటార్ సైకిల్ వెళ్ళింది, ముందు తెల్ల కారువాడు చేతిలో కాఫీ కప్పుతో పరిగెత్తుకుంటూ వచ్చి ఏం జరిగిందో తెలియకుండా హాయిగా వెళ్ళిపోయాడు. పసుపు కోటు పిల్ల వచ్చింది. ఈసారి అద్దం కొట్టలేదు, డోరు ఇంకా తెరిచే ఉంది, నేను అలాగే కూర్చునున్నాను. "రాయమ్మా," అన్నాను, "ఫైను ఎంతుంటే అంత రాయి." ఆ పిల్ల నా మొహం చూసి, ముందు కారు తియ్యండి, అక్కడ పక్కకి పెట్టుకుని మంచినీళ్ళు తాగండి, రాయడం ఎక్కడికి పోతుంది అంది. తీశాను. గీతలు దాటి, మలుపు తిరిగి, ఒక మూసేసిన షట్టరు ముందు ఆపి ఇంజిన్ కట్టేశాను. ఇప్పుడు పెట్టాను. వాడు ఆ సందులో నిలబడి చెవి ఒగ్గి వినడం కళ్ళ ముందు నుంచి పోవట్లేదు, నేను లేకపోతే వాడు ఒక్క అడుగులో ఫుట్‌పాత్ మీద ఉండేవాడు, ఎన్నోసార్లు చేసినట్టే చేసేవాడు, ఏమీ అయ్యేది కాదు. నేను లేకపోతే. చూసుకోవే అంది అమ్మ.

ఫోన్ మోగింది. వాడే. రెండుసార్లు గొంతు సవరించుకుని ఎత్తాను.

"చేరానే."

"చేరావా? ఎలా జరిగిందిరా?"

"బానే జరిగింది. కుర్చీ మెత్తగా ఉంది. స్టాపులోనే, ఎవరో కారు అడ్డం పెట్టారు."

"ఎవర్రా వాళ్ళు, బుద్ధిలేని మనుషులు, రూళ్ళుంటాయని తెలీదా..."

"తిట్టకు పాపం. మంచిదే. దారి చెప్పింది. గొంతే, కాస్త జలుబు చేసినట్టుంది."

అటు నుంచి ఆఫీసు ఫోన్లు మోగుతున్నాయి, ఎవరో కుళాయి గురించి అరుస్తున్నారు.

"రేపట్నుంచి అక్కడ పెట్టదులే," అన్నాడు. "నేను రోజూ బస్సుకే వస్తాను. సాయంత్రం కూడా బస్సుకే. వింటున్నావా?"

"ఊఁ."

"ఇంక షాపుకెళ్ళవే."